చైనా రాణి ముందు కొంగు

ఊరి పేరు చెప్పను. కంబదూరుకు అవతల బస్సు దిగి కొంచెం నడవాలి, అంతవరకు తెలిస్తే చాలు. హార్మోనియం పెట్టె మోసుకుని ఆ దారిలో ఇంకా తిరగవలసినవాణ్ణి నేను.

నా పేరు శ్రీరంగప్ప. పుట్టింది ధర్మవరంలో, మగ్గాల ఇంట్లో. బతికింది మాత్రం అట్ట కిరీటాలు పెట్టుకున్న రైతుల మధ్య. పగలంతా శెనక్కాయ చేలో ఒళ్ళు వంచి, పొద్దు వాలగానే వచ్చి "అయివారూ, ఈ పొద్దు నా గొంతు ఎట్లుండాదప్పా" అని అడిగే రాజులకూ సేనాపతులకూ పద్యాలు నేర్పడం నా వృత్తి. వాళ్ళ గొంతు ఎట్లుందో ఎన్నడూ నిజం చెప్పలేదు. చెప్పి ఉంటే నాకు అన్నం పుట్టేది కాదు.

ఇది రెండువేల మూడు ఎండాకాలం నాటి సంగతి. ఆ ఏడు కూడా వాన మొహం చాటేసింది. బోర్లు వేస్తే దుమ్ము వచ్చింది. ఆవుల్ని అమ్ముకున్నవాళ్ళు అమ్ముకున్నారు, బెంగుళూరుకు మూట కట్టినవాళ్ళు కట్టారు. అయినా వైశాఖంలో జాతర ఆగలేదు, జాతరకు నాటకమూ ఆగలేదు. కరువులో నాటకమేమిటని అడిగేవాళ్ళకు మా సంగతి తెలియదన్నమాట. కరువు పోయేదాకా ఆగాలంటే మేము ఒక్క నాటకమూ ఆడి ఉండేవాళ్ళం కాదు.

ఆ ఊళ్ళో నాటకం ఆడించేది బయమ్మ. మండలాధ్యక్షురాలు. భర్త ఎర్రన్న బతికున్నన్నాళ్ళూ ఊరివాళ్ళు ఆమె మొహం సరిగ్గా చూసింది లేదు. జాతర నాటకానికి మాత్రం వచ్చి ఆడవాళ్ళ వైపు ముందు వరసలో కూర్చునేది. ఎర్రన్నను పగవాళ్ళు చంపేశాక, ఇంట్లో ఏడుపులు ఆగకముందే, బయటికి వచ్చి అరుగు మీద ఆయన కుర్చీలో కూర్చుంది. ఈ కొంప ఇంక చెదిరిపోతుందని లెక్కలు వేసుకున్నవాళ్ళందరూ నోళ్ళు మూసుకున్నారు. ఊరు ఊరంతా ఆమెను అమ్మ అంటుంది. నేనూ అంటాను. అనకపోతే ఏమవుతుందో చూసే ధైర్యం నాకు లేదు.

ఆ ఇంటికి ఒక ఆచారం ఉంది. ఎర్రన్న తాతల నాటిదంటారు. అన్యాయం జరిగిందన్న ఆడది ఎవరైనా ఆ అరుగు ముందుకు వచ్చి, నేల మీద కొంగు పరిచి అడిగితే, కుర్చీలో ఉన్నవాళ్ళు జవాబు చెప్పకుండా లేవకూడదు. అబద్ధం చెప్పకూడదు. జవాబు మనసుకు ఎక్కితే ఆమె కొంగు ఎత్తి కళ్ళకద్దుకుంటుంది. అంతటితో ఆ తగువు తీరినట్టే, మళ్ళీ దాన్ని ఎవరూ కదపకూడదు. ఎక్కకపోతే కొంగు దులిపేసి వెళ్ళిపోతుంది. అట్లా దులుపుకుని పోయే ఆడదాన్ని ఊరి పొలిమేర దాటేదాకా ఎవరూ ముట్టకూడదు. ఎన్ని తలలు తెగడానికి కారణమైన ఇల్లో లెక్క లేదు గానీ, ఈ ఒక్క మాట మాత్రం తప్పలేదని గొప్పగా చెప్పుకుంటారు. ఎంతటివాడికైనా తాను ధర్మాత్ముడినని చూపించుకోవడానికి ఒక చోటు కావాలి గదా.

ఇక సువర్ణ. ఆ ఇంట్లో ఉండి పాటలు రాసే పిల్ల. ఎన్నికలకు పాటలు, బయమ్మ సభల్లో చదివే మాటలు, ఎవరైనా పెద్దమనిషి పోతే సంతాప పద్యాలు, అన్నీ ఆ పిల్లవే. ఆమె తండ్రి ముత్యాలప్ప నాకు గురువు. హార్మోనియం మీద నా వేళ్ళు పట్టుకుని పెట్టించినవాడు. అందుకే ఆ పిల్ల నన్ను చిన్నాయనా అంటుంది.

ముత్యాలప్ప నోరు ఊరుకునేది కాదు. ఎనభైతొమ్మిది ఎన్నికల ముందు, అదే జాతరలో, అదే ఊళ్ళో, నాటకం మధ్యలో సొంత పద్యం ఒకటి దూర్చాడు. పేరు పెట్టలేదు గానీ అది ఎర్రన్న మీసాల మీద పద్యమని పసిపిల్లలకు కూడా తెలిసింది. జనం ఊపిరి బిగబట్టారు. ముందు ఎవరో ఒక్కరు నవ్వారు, ఎవరో తెలియలేదు. ఆ ఒక్క నవ్వు ఆసరా చేసుకుని జనమంతా పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. వన్స్ మోర్ అని అరిచారు. ఆయన మళ్ళీ పాడాడు. నేనే వాయించాను.

మూడో రోజు ఆయన ఊరవతల ఎండిన బావిలో దొరికాడు. నీళ్ళకని పోయి కాలు జారాడన్నారు. ఎండిన బావిలోకి నీళ్ళకు పోతాడా మనిషి? ఆ ప్రశ్న మాలో ఎవరూ పైకి అడగలేదు. ఆ పద్యాన్ని మళ్ళీ ఎవరూ పాడలేదు. గొడ్లు కాసేవాళ్ళు కూడా మరిచిపోయినట్టు నటించారు.

సువర్ణ అప్పటికి చిన్న పిల్ల. తల్లి లక్ష్మీనరసమ్మ మగ్గం అమ్మేసి కూలికి పోయింది. ఎర్రన్న పోయిన మరుసటి ఏడు బయమ్మే కబురు పంపించి తల్లీబిడ్డలను ఇంట్లో పెట్టుకుంది. వంటింటి వెనక ఒక గది ఇచ్చింది. పిల్ల పద్యం అల్లగలదని తెలిసి పుస్తకాలు తెప్పించింది. అంతా ఆమె మంచితనాన్ని పొగిడారు. లక్ష్మీనరసమ్మను ఒకసారి నేను ఉండబట్టలేక అడిగాను, ఆ ఇంటి కూడు ఎట్లా దిగుతోందమ్మా అని.

"దిగకపోతే యాడికి పోదునప్పా?" అంది ఆమె. "కడుపు నిండినాక గొంతు ఏమంటే ఏంలే."

తరవాత నేను మళ్ళీ అడగలేదు.

ఆ ఏడు బయమ్మకు కొత్త ఆలోచన వచ్చింది. వచ్చే ఎన్నికల్లో అసెంబ్లీకి నిలబడాలని. ఆడది రాజ్యమేలే నాటకం జాతరలో ఆడాలని. మమ్మల్ని అరుగు ముందుకు పిలిపించింది.

"మన కథల్లో రాణులంతా ఎవురో ఒకరి పెండ్లాలే. తానే సింహాసనం ఎక్కిన ఆడది నాకు కావల్ల. ఉంటే చెప్పండి, లేకుంటే పుట్టించండి," అంది.

నేను తల గోక్కుంటున్నాను. సువర్ణ నెమ్మదిగా చెప్పింది. "చైనాలో ఒకామె ఉండేదంటమ్మా. మొగుడు పోయినాక, బిడ్డలను పక్కకు పెట్టి తానే చక్రవర్తి అయింది."

అప్పటికి చైనా అంటే మా ధర్మవరం వాళ్ళకు తెలిసింది చైనా పట్టునూలు ఒక్కటే. అది వచ్చి మా మగ్గాలు నిలబడ్డాయనేవాళ్ళు కొందరు, పడిపోయాయనేవాళ్ళు కొందరు. ఆ దేశంలో రాణులున్నారని, పద్యాలున్నాయని మాకేం తెలుసు? సువర్ణ ఏదో పాత వారపత్రికలో చదివిందట. బయమ్మ కుర్చీలో ముందుకు వంగింది.

"ఆ రాణి పక్కన ఒక కవయిత్రి ఉండేది. రాణి ఆజ్ఞలన్నీ ఆమే రాసేది. సభలో ఎవురి పద్యం గొప్పదో ఆమే చెప్పేది."

"ఎవురి బిడ్డ?"

సువర్ణ కుర్చీ వైపే చూసి చెప్పింది. "ఆ రాణి చంపించిన మనిషి బిడ్డ. తండ్రిని చంపి, తల్లినీ బిడ్డనీ ఇంట్లో దాసీలుగా పెట్టుకున్నారు. పిల్ల పద్యం చెప్తాదని తెలిసి రాణి దగ్గరికి తీసింది."

నా చెమట నాకే వాసన కొట్టింది. బయమ్మ మాత్రం రెప్ప వాల్చకుండా సువర్ణనే చూసింది.

"కడాకు ఏమైనాది ఆ పిల్ల?"

"రాణి పోయినాక కొత్తగా వచ్చినోళ్ళు ఆ పిల్లను కూడా చంపినారు."

"ఆ ముక్క తీసెయ్," అంది బయమ్మ. "మిగతాది రాయి. తండ్రి సంగతి మాత్రం మార్చు. రాణికి తెలీకుండా మంత్రి చేయించినాడని రాయి. ఆ పిల్ల రాణిని మన్నించినట్ల ఒక పద్యం పెట్టు. మంచి పద్యం. జనం ఇంటికి పోతా పాడుకునే మాదిరి ఉండల్ల."

ఆమె ఆలోచన నాకు అప్పుడే అర్థమైంది. ఎదుటి పార్టీవాళ్ళు ముత్యాలప్ప చావును మళ్ళీ తవ్వుతున్నారు. కళ్యాణదుర్గం గోడల మీద రాతలు కూడా వచ్చాయి. ముత్యాలప్ప కూతురే రంగు పూసుకుని, చుట్టుపక్కల ఊళ్ళన్నీ చూస్తుండగా, మన్నించానని పద్యం పాడితే ఇంక ఎవరి నోరు లేస్తుంది? కవయిత్రి వేషం కూడా సువర్ణదేనని బయమ్మ అప్పుడే తేల్చేసింది.

చైనా పేర్లు మాకు నోరు తిరగలేదు. రాణికి చీనాంబ అని, కవయిత్రికి రత్నమాల అని పెట్టుకున్నాం. నాటకం చకచకా తయారైంది. రోజూ సాయంత్రం ఆ వాకిట్లోనే నేర్పేవాణ్ణి. బయమ్మ అరుగు మీద కూర్చుని వినేది. రాణి వేషానికి బళ్ళారి నుంచి ఒక నటిని మాట్లాడాం. మా వైపు అంతే, ఆడవేషాలు కట్టేవాళ్ళు జాతర రోజు బస్సు దిగి, రంగు పూసుకుని, పాడి వెళ్ళిపోతారు. అందాకా రాణి మాటలు నేనే అందించేవాణ్ణి. ఆ మన్నింపు పద్యం దగ్గరికి వచ్చేసరికి సువర్ణ ఆగిపోయేది.

"ఇంగా కుదరలేదు చిన్నాయనా."

మొదట్లో బయమ్మ ఊరుకుంది. తర్వాత ఆమె కొడుకు రాఘవేంద్ర ఊరుకోలేదు. తండ్రి మీసం, తండ్రి జీపు, తండ్రి వెంట తిరిగిన మనుషులు, అన్నీ వాడికి వచ్చాయి, తండ్రికున్న ఓపిక తప్ప. ఎర్రన్నకు ఓపికేమిటని మీరనుకోవచ్చు. మూడు రోజులు ఆగాడు గదా.

"సంతాపాలు గంటలో రాస్తాది. ఈ నాలుగు పాదాలు నెల నుంచి కుదరలేదా?" అన్నాడు రాఘవేంద్ర నాతో, ఆ పిల్లకు వినిపించేలా. "బేస్తవారం పగటిపూట రంగులు పూసుకోని ఈ వాకిట్లో ఆడి చూపియ్యండి. ఆ పద్యం వినకుండా ఎవురూ ఈ గేటు దాటేది లేదు. నీ హార్మోనియం కూడా."

నాకు భయం వేసింది. దాచుకోవడమెందుకు. ఆ సాయంత్రమే సువర్ణను పక్కకు పిలిచి బతిమాలాను. నాలుగు మాటలు కదమ్మా, పాడేసెయ్, లోపల నువ్వేమనుకుంటే ఏం, అన్నాను.

"మా నాయన పద్యాలు పాడి జనం నమ్మినారా లేదా?" అంది.

"నమ్మినారు."

"నా పద్యం కూడా నమ్ముతారు. అదే నా భయం."

మా అమ్మకు కంట్లో పొర వచ్చింది, ధర్మవరంలో మేనమామ దగ్గర దింపి రా చిన్నాయనా అని అడిగింది. దింపి వచ్చాను. లక్ష్మీనరసమ్మ దారి పొడుగునా నా మొహమే చూసింది. పొర సంగతి అబద్ధమని ఇద్దరికీ తెలుసు.

వేషం కుట్టేటప్పుడు ఇంకో గొడవ. పాత ధర్మవరం పట్టుచీర ఒకటి విప్పి, చేతులు వెడల్పుగా పెట్టి, నేలదాకా జీరాడే చైనా అంగీ కుట్టించాను. సువర్ణ దానికి కొంగు కూడా పెట్టించింది, బారెడు పొడుగు.

"చైనావాళ్ళకు కొంగు యాడిది పాపా? చూసినోళ్ళు నగుతారు," అన్నాను.

"నగనీ చిన్నాయనా. నగితే మంచిదే గదా," అంది.

ఆ మొండితనం తండ్రిదే.

బేస్తవారం వచ్చింది. ఎండ నిప్పులు చెరుగుతోంది. వాకిట్లో పైన టార్పాలిన్ పట్ట కట్టించారు. పంచాయితీకి వచ్చినవాళ్ళు, ట్యాంకర్ కోసం వచ్చినవాళ్ళు, ఇంటి మనుషులు, రాఘవేంద్ర వెంట తిరిగేవాళ్ళు, అందరూ చుట్టూ కూర్చున్నారు. సువర్ణ మొహానికి రంగు వేసుకుని వచ్చింది. నుదుట ఎర్రటి పువ్వు గీసుకుంది. ఆ చైనా కవయిత్రిని రాణి ఒకసారి కోపంతో నుదుటి మీద గాయపరిస్తే, ఆమె ఆ మచ్చ మీద పువ్వు వేసుకుందట. ఆ పిల్ల నాతో ఎప్పుడో చెప్పింది.

నేను పెట్టె విప్పాను. మొదటి రంగం బాగానే జరిగింది. రెండో రంగంలో రాణి మాటలు అందించబోయాను. బయమ్మ చెయ్యెత్తింది.

"నువ్వు ఊరుకో అయివారూ. రాణి మాటలు నేను చెప్తా. నాకు అన్నీ వచ్చినాయి."

రాఘవేంద్ర మనుషులు మెచ్చుకోలుగా తలలు ఊపారు. నిజం చెప్పాలంటే ఆమె చక్కగా చెప్పింది. నేను నేర్పిన రాజులెవరికీ రాని నిదానం ఆ గొంతులో ఉంది. కుర్చీ ఎట్లాగూ ఉండనే ఉంది. నాకు ఒక పక్క భయం, ఒక పక్క ముచ్చట. నాటకాలవాడి బుద్ధి ఇంతే.

ఆ చోటు వచ్చింది. బయమ్మ గొంతు సవరించుకుంది.

"రత్నమాలా! నీ తండ్రి మరణము మాకు తెలియక జరిగినది. అది మంత్రి చేసిన పాపము. మా మీద నీకింకను కోపమున్నదా?"

నేను శ్రుతి పట్టి ఉంచాను. పద్యం ఎత్తుకోవాలి. సువర్ణ ఎత్తుకోలేదు. వాకిలి మధ్యనుంచి నడిచి అరుగు ముందుకు వెళ్ళింది. మోకాళ్ళ మీద కూర్చుంది. అంగీకి కుట్టించిన ఆ బారెడు కొంగు తీసి, దుమ్ములో, రెండు చేతులతో మడతలు లేకుండా పరిచింది.

"కోపం సంగతి తర్వాత చూద్దాం తల్లీ," అంది. "ముందు ఇది చెప్పు. మా నాయన ఏం తప్పు చేసినాడు?"

అది నాటకం భాష కాదు. వాకిట్లో అందరికీ తెలిసింది. పంచాయితీకి వచ్చిన ఆడవాళ్ళు కూర్చున్నచోటునుంచి లేచి నిలబడ్డారు. నా చేతులు పెట్టె మీద అట్లాగే ఉండిపోయాయి, శ్రుతి ఆపాలని కూడా తోచలేదు.

రాఘవేంద్ర స్తంభం దగ్గర నుంచి అరిచాడు. "ఏయ్! నాటకంలో ఇది లేదు. లెయ్ పైకి. అమ్మా, నువ్వు లోపలికి పో."

బయమ్మ కుర్చీ చేతుల మీద బరువు మోపి సగం లేచింది. పరిచిన కొంగు మీద ఆమె చూపు పడింది. మళ్ళీ కూర్చుంది.

"కొంగు పరిచినాది రా. జవాబు చెప్పకుండా నేను లేస్తే, మీ ముత్తాత కాన్నుంచి ఈ కుర్చీలో కూచున్నోళ్ళందురూ లేచిపోయినట్లే."

"అది వేషం కొంగు!"

"కొంగు కొంగే," అంది. తర్వాత కొడుకు వైపు చూడలేదు.

జవాబు మంచినీళ్ళ మాట చెప్పినంత మామూలుగా చెప్పింది.

"తప్పు మీ నాయనది కాదు పాపా. ఆ పొద్దు ఆ పద్యానికి మొదట నగింది నేను. ముందు వరసలో కూచోని ఆపుకోలేక నగితి. దినామూ మా ఆయన మీసానికి నెయ్యి పూసేది నేనే గదా. ఆ పద్యంలో ఎంత నిజముండాదో నాకు తెలిసినట్ల ఎవురికి తెలుస్తాది? పెండ్లయి ఈ ఇంటికి వచ్చినాక నేను అట్ల నగింది అదే మొదలు. మా ఆయన మీ నాయన దిక్కు చూడలా. నా దిక్కు చూసినాడు."

బయమ్మ ఆ కొంగునే చూస్తూ మళ్ళీ అందుకుంది.

"ఇంటికి వచ్చినాక నన్ను ఒక్క మాట అనలా. మూడో పొద్దు అన్నం తింటా అడిగినాడు, ఏం, ఇంగా నగు వస్తాందా అని. లేదు అంటి. ఏం జరిగిందో ఆ మాటతో నాకు తెలిసిపోయినాది. తెలిసి కూడా ఇంకో ముద్ద వడ్డిస్తి." బయమ్మ చేతులు ఒళ్ళో పెట్టుకుంది. "నిజం చెప్పినా. ఇంగ కొంగు ఎత్తుకో తల్లీ."

ఎత్తుకుంటే తగువు తీరినట్టే. మన్నింపు పద్యంతో పని లేదు. అంతమంది ముందు ఆ ఒక్క పని చేస్తే బయమ్మకు కావలసిందంతా దక్కుతుంది. కానీ ఆ క్షణాన ఆమె మొహంలో ఎన్నికలు లేవు. అది నేను ప్రమాణం చేసి చెప్పగలను. ఎత్తుకోమ్మా అని లోపల నేనే అనుకున్నాను. గురువును చంపిన ఇల్లని మరిచిపోయి అనుకున్నాను.

సువర్ణ కళ్ళనుంచి నీళ్ళు కారి చెంపల మీద రంగు చారలు కట్టింది.

"ఎత్తుకుంటా," అంది. "మా నాయన పద్యం ఒక్కసారి పాడతా. ఆ పొద్దు నగినట్ల నగు. ఇంతమంది చూస్తాండగా నగు. అప్పుడు ఎత్తుకుంటా."

పాడింది. నా వేళ్ళు నన్ను అడగకుండానే మోహన రాగం మెట్ల మీదికి పోయాయి. ఇన్నేళ్ళూ నోట పలకని పద్యం ఆ వేళ్ళలోనే ఉండిపోయిందని నాకప్పుడు తెలిసింది.

బావి యెండిపోయె, పంట లెండెను, రైతు
కంటనీటికైన కరువు వచ్చె;
తడిసియున్న దొకటె దళపతి మీసమ్ము
నెయ్యి పూసి పూసి నిలిపి నిలిపి!

చివరి పాదాన్ని తండ్రి లాగే రెండుసార్లు తిప్పింది, మీసం మెలేసినట్టు. ఎవరూ నవ్వలేదు. అందరూ బయమ్మనే చూస్తున్నారు. నేనూ చూస్తున్నాను. ఆమె పెదవి ఒక పక్క కదిలింది. కళ్ళ కింద ముడతలు దగ్గరికి వచ్చాయి. నవ్వు అంతదాకా వచ్చింది. నా రెండు కళ్ళతో చూశాను.

అప్పుడు ఆమె తల తిప్పి కొడుకును చూసింది.

రాఘవేంద్ర స్తంభానికి ఆనుకుని, మీసం మీద వేలు పెట్టుకుని, తల్లినే చూస్తున్నాడు. ఒక్క మాట అనలేదు. బయమ్మ పెదవి మళ్ళీ తన చోటికి వెళ్ళిపోయింది. చీర కొంగు తీసి నోటికి అడ్డం పెట్టుకుంది.

సువర్ణ ఇంకాసేపు ఆగింది. ఎంత ఆశతో ఆగిందో నాకు తెలుసు. తర్వాత లేచి నిలబడి, కొంగు రెండు చివరలూ పట్టుకుని గట్టిగా దులిపింది. ఆ దుమ్ము ఎగిరి బయమ్మ పాదాల మీద పడింది. సువర్ణ గేటు వైపు నడిచింది. గేటు దగ్గర నిలబడ్డవాళ్ళు రాఘవేంద్ర వైపు చూశారు, వాడు తల్లి వైపు చూశాడు. చివరికి వాళ్ళే పక్కకు జరిగారు.

నేను పెట్టె ఎత్తుకుని వెనక పరుగెత్తాను. నన్నెవరూ ఆపలేదు. హార్మోనియానికి ఏ ఆచారమూ లేదు గానీ ఆ క్షణాన నేనెవరికీ గుర్తు లేను.

వీధిలో అప్పుడే ఒక గోడ చాటునుంచి "నెయ్యి పూసి పూసి" అని పిల్లల గొంతులు మొదలయ్యాయి. ఎవరో తల్లి వాళ్ళ నోళ్ళు మూసింది. పక్క సందులో ఇంకెవరో అందుకున్నారు. మొదట నా గుండె పొంగింది. మరుక్షణమే చల్లబడింది. ఈ పద్యానికి మళ్ళీ ఏ ఇల్లు బలి ఇస్తుందో అనిపించింది.

పొలిమేర రాయి దగ్గర సువర్ణ ఆగిపోయింది. బస్సు ఆగేది రాయికి అవతల. ఆచారం పనిచేసేది ఇవతలి దాకానే.

"బస్సు కనపడినాకే దాటుదాం చిన్నాయనా," అంది. బుద్ధి అప్పుడు కూడా సరిగ్గానే పనిచేస్తోంది ఆ పిల్లకు.

ఎండలో నిలబడ్డాం. చుట్టూ దున్ని వదిలేసిన ఎర్ర చేలు. ఆ పట్టు అంగీలో, నుదుట పువ్వుతో, ఆమె ఏ దేశపు మనిషో తెలియకుండా ఉంది. వెనకనుంచి జీపు చప్పుడు వచ్చింది. నేను ఆమెకు అడ్డంగా నిలబడి హార్మోనియం ముందుకు పట్టుకున్నాను. కత్తికి అడ్డం హార్మోనియం పెట్టిన మొనగాణ్ణి నేనే అయి ఉంటాను.

జీపు దూరంగానే ఆగింది. దిగింది ఆ ఇంటి వంటామె, పెద్దక్క. చేతిలో బట్టల మూట. ముసలి కాళ్ళతో పరుగులాంటి నడకతో వచ్చింది.

"నీ చీరలు పాపా. అమ్మ పంపించినాది." ఒగరుస్తూ మూట చేతికిచ్చింది. వెనక్కి ఒకసారి చూసుకుని గొంతు తగ్గించింది. "ఒక మాట కూడా చెప్పమనింది. నువ్వు పోయినాక లోపలికి పోయి, తలుపు వేసుకోని నగింది. ఆ పద్యం చెప్పుకుంటా శానాసేపు నగింది. నేను తలుపు బయటే ఉండా, విన్నా. పాపకు చెప్పిరాపో అనింది."

సువర్ణ మూటను గుండెకు ఆనించుకుంది. ఆ మాట విని ఆమె మెత్తబడుతుందని నాకనిపించింది. ఒక్క క్షణం మెత్తబడింది కూడా.

"తలుపు వేసుకోని నగితే మా నాయనకు యాడ వినపడతాది పెద్దక్కా?" అంది. "పోయి అదే చెప్పు."

పెద్దక్క కొంగుతో మొహం తుడుచుకుంది. దూరాన దుమ్ము లేపుకుంటూ కళ్యాణదుర్గం బస్సు కనపడింది. సువర్ణ రాయి దాటి చెయ్యెత్తింది.